దీవెన, కృతజ్ఞత, హక్కు: గుఱ్ఱం జాషువ రచనల్లో క్రైస్తవ అస్తిత్వం

వ్యాససంగ్రహం: దైవదీవెనలను తలచుకొని కృతజ్ఞత చెల్లించడం క్రైస్తవ జీవనంలో ప్రధానమైన ఆచరణ. అయితే పుట్టుక కారణంగా అవమానాలు పొందిన మనిషి దేనికి కృతజ్ఞుడు కావాలి? ఆ కృతజ్ఞత అతని ధిక్కారాన్ని మెత్తబరుస్తుందా, పదును పెడుతుందా? పల్నాటి గడ్డపై క్రైస్తవ కుటుంబంలో జన్మించిన మహాకవి గుఱ్ఱం జాషువ రచనల ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దీవెనకు కృతజ్ఞత, హక్కుకు నిలదీత అనే విభజనను జాషువ ఎక్కడా చెరిపివేయలేదని, ఆ విభజనే ఆయన అస్తిత్వానికి ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జాషువ, పల్నాడు, దళిత క్రైస్తవం, కృతజ్ఞత, సాక్ష్యం, గబ్బిలం, క్రీస్తు చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ‘సాక్ష్యం’ చెప్పడం ఒక సంప్రదాయం. విశ్వాసి సంఘం ముందు నిలబడి తాను ఎలాంటి స్థితిలో ఉండేవాడో, దేవుడు తనకు ఏ మేలు చేశాడో, ఇప్పుడు తాను ఎవరో చెబుతాడు. గతం, మేలు, వర్తమానం అనే మూడు అంచెలు ఇందులో ఉంటాయి. కనుక సాక్ష్యం కృతజ్ఞతా ప్రకటన మాత్రమే కాదు, ‘నేను ఎవరిని’ అనే ప్రశ్నకు సమాధానం కూడా. కవిత్వ విమర్శ ఈ మౌఖిక ప్రక్రియను ఇంకా తగినంతగా పట్టించుకోలేదు. జాషువను దళిత కవిగా, జాతీయోద్యమ కవిగా, ఖండకావ్య నిర్మాతగా చదివిన విమర్శ విస్తారంగానే ఉంది. సాక్ష్యం చెప్పే సంస్కృతి నుండి వచ్చి, ఆ నమూనాను ప్రశ్నించిన కవిగా ఆయనను చదవవలసిన అవసరం మిగిలి ఉంది.

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తల్లి లింగమ్మ, తండ్రి వీరయ్య. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు, మతం క్రైస్తవం. నాటి గుంటూరు జిల్లాలోని వినుకొండ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో భాగమైంది. ఈ ప్రాంతీయ నేపథ్యం కేవలం జీవితచరిత్రకు సంబంధించినది కాదు. ఆయన కవిత్వంలోని ఆకలికీ, పంక్తి భేదానికీ, ఆత్మగౌరవానికీ ఇక్కడే మూలాలున్నాయి.

2. పదాల అర్థవిచారం

‘కృతజ్ఞత’ అంటే చేసినదాన్ని ఎరిగి ఉండడం. ఈ పదంలో వినయం కంటే ముందు జ్ఞాపకం ఉంది. అందువల్ల గతాన్ని మరచిపోయిన కృతజ్ఞత అనేది పదార్థరీత్యానే పొసగదు. బైబిలులోని ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం దీనికి చక్కని ఉదాహరణ. తొలిపంటను దేవుని సన్నిధికి తెచ్చిన ఇశ్రాయేలీయుడు గంపను అర్పించి ఊరకుండడు. తన పూర్వికుడు దిక్కులేని సంచారి అనీ, తన జాతి ఐగుప్తులో వెట్టిచాకిరి చేసిందనీ చెప్పిన తరువాతనే పంటను గురించి మాట్లాడతాడు. దాస్యాన్ని దాచిపెట్టి దీవెనను మాత్రమే చెప్పే వీలు ఆ విధిలో లేదు.

‘ధన్యుడు’ అనే పదం ‘ధన’ శబ్దానికి సంబంధించినది. తెలుగు బైబిలు కొండమీది ప్రసంగంలో దీనులను, దుఃఖించేవారిని ధన్యులుగా పేర్కొన్నది. సంపదను సూచించే మాట సంపద లేనివారికి వర్తించడంతో ఆ పదం అర్థమే మారింది. దీవెనను పొలం, ఇల్లు, ఉద్యోగం వంటి లెక్కలతో కొలిచే వాడుకకు ఇది భిన్నమైనది.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు స్వస్థత పొందగా ఒక్కడే వెనుదిరిగి వచ్చి కృతజ్ఞత చెబుతాడు. అతడు సమరయుడు, అనగా యూదుల దృష్టిలో వెలివేయదగినవాడు. ఊరికి వెలుపల నిలబడి కేకవేసిన మనిషి దగ్గరకు వచ్చి పాదాల చెంత నిలవడం ఈ కథలోని కీలక పరిణామం. ఇక్కడ కృతజ్ఞత దూరాన్ని రద్దు చేసింది. దగ్గరకు రానిచ్చే చోటనే కృతజ్ఞతకు అర్థముందన్న ఈ సూత్రం ‘గబ్బిలం’ పరిశీలనకు ఉపకరిస్తుంది.

3. పల్నాటి నేపథ్యం

పల్నాడు నీటి కొరతకు, జొన్నకూటికి పేరుపడిన సీమ. శ్రీనాథునికి ఆపాదించిన చాటువులలోనూ ఈ ముద్ర కనిపిస్తుంది. అదే సీమకు మరొక స్మృతి కూడా ఉంది. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన ‘చాపకూడు’ జనస్మృతిలో నిలిచిపోయింది. మాల కన్నమదాసును ఆయన కుమారునిగా ఆదరించినట్లు ఆ గాథ చెబుతుంది. మాచర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతాల్లో ఈ కథ నేటికీ సజీవం. క్రైస్తవ సంఘంలోని ‘ప్రభువు బల్ల’ కూడా ఒకే రొట్టెను, ఒకే పాత్రను పంచుకొనే పంక్తియే. కనుక సహపంక్తి భావన పల్నాటికి పరాయిది కాదు. ఈ రెండు పంక్తులలోనూ కులం మళ్ళీ చొరబడిందా అన్నదే అసలు ప్రశ్న.

లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరి, ఆ దశాబ్దం చివర గురజాలకు వెళ్ళి పల్నాట పనిచేశారు. తరువాత బాప్టిస్టు మిషను ఒంగోలు కేంద్రంగా విస్తరించి వినుకొండ, నరసరావుపేటలకు చేరింది. 1876-78 నాటి మహాకరవు ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. ఆ కాలంలో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని కరవు బాధితులకు పని కల్పించారు. తిండి కోసం మతం మారారన్న అపవాదు రాకుండా కరవు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలను నిలిపివేశారు. తిరిగి ప్రారంభించినప్పుడు 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ ఘట్టంలో కూలి, దీవెన అనే రెండు విషయాలను వేరుచేసే ప్రయత్నం గమనింపదగినది. కాలువ తవ్వినవాడికి అందినది కూలి, అది అతని కష్టానికి ప్రతిఫలం. బాప్తిస్మం దానికి బదులుగా ఇచ్చినది కాదు. ఆచరణలో ఈ రెండూ ఎంతమేరకు విడిగా నిలిచాయన్నది చరిత్రకారులు చర్చించవలసిన అంశం. కాని ఈ విభజన 17 ఏళ్ళ తరువాత అదే ప్రాంతంలో పుట్టిన కవి ఆలోచనలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

4. ఫిరదౌసి: దానం కానిది

1932లో వెలువడిన ‘ఫిరదౌసి’ ఇతివృత్తం పారశీక కవికి సంబంధించిన ఐతిహ్యం. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు, కావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపుతాడు. కవి వాటిని తిప్పి పంపుతాడు. వెండి కూడా విలువైనదే. పేదకవి దానిని స్వీకరించి ప్రభువును కీర్తించవచ్చు. కాని అలా చేస్తే తనకు రావలసిన బాకీని దయగా అంగీకరించినట్లవుతుంది. ఆ కవి తిరస్కారం కృతఘ్నత కాదు. ‘ఇది దానం కాదు, నా శ్రమకు నీవు పడిన బాకీ’ అని చెప్పడమే.

క్రైస్తవ కృతజ్ఞతాభావాన్ని చర్చించేటప్పుడు ఈ కావ్యాన్ని సాధారణంగా ప్రస్తావించరు. అయితే ఎవరికి ఎప్పుడు కృతజ్ఞత చెప్పనక్కరలేదో తెలియనివాడికి, కృతజ్ఞత ఎవరికి చెందుతుందో కూడా తెలియదు. దేవుని కృపకూ, ప్రభువుల దయకూ మధ్య ఉన్న ఈ అంతరమే జాషువ వివేచనకు తొలిమెట్టు.

5. గబ్బిలం: సన్నిధికి చేరే అర్హత

1941లో వచ్చిన ‘గబ్బిలం’ మేఘసందేశం నమూనాలో సాగిన కావ్యం. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి సందేశం పంపితే, జాషువ కథానాయకుడైన పంచముడు తన ఆకలిని, అవమానాన్ని కాశీనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉంది. పూజారి లేని సమయం చూసి విన్నవించమనడంలోని వ్యంగ్యం ప్రసిద్ధం.

క్రైస్తవుడైన కవి తన నాయకుని చేత క్రీస్తుకు కాక శివునికి ఎందుకు మొరపెట్టించాడు? కథానాయకుడు కవి కాదన్నది మొదటి సమాధానం. గుడి వెలుపల నిలిచిన కోట్లమంది తరఫున మాట్లాడే పాత్ర అది. రెండవది మరింత లోతైనది. ఆ నాయకుడు దేవుణ్ణి నిందించి వైదొలగడు, సందేశం పంపుతాడు. తన మాట వినవలసిన బాధ్యత దేవునికి ఉందని నమ్మినవాడే అలా చేయగలడు. కర్మసిద్ధాంతం అతని దారిద్య్రాన్ని పూర్వజన్మ ఫలంగా చూపితే, అతడు ఆ లెక్కను ఒప్పుకోడు. దీవెనలు పుట్టుకను బట్టి పంపిణీ అవుతాయన్న వాదాన్నే అతడు తిరస్కరిస్తున్నాడు. బైబిలులోని కీర్తనల గ్రంథంలో స్తుతిగీతాల పక్కనే విలాపగీతాలు కూడా ఉన్నాయి. దేవుణ్ణి నిలదీయడం విశ్వాసానికి వెలుపలిది కాదని ఆ సంప్రదాయం అంగీకరించింది. ఆ కోణంలో చూస్తే శివునికి పంపిన ఈ మొర క్రైస్తవ విలాపగీతానికి దగ్గరి బంధువు.

6. గురువుల ఋణం

పద్యరూపమైన ఆత్మకథ ‘నా కథ’లోని జీవితం సాక్ష్యపు మూడంచెల నమూనాలో ఇమడదు. సాధారణ సాక్ష్యంలో కష్టం ముగిసిన తరువాత మేలు మొదలవుతుంది. జాషువ జీవితంలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద ఆయన కాళిదాసు కావ్యాలు చదివారు. అదే సమాజంలో సభలలో అవమానాలు పొందారు. గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఆయనకు జీవనోపాధినిచ్చింది. పురాణ సంబంధమైన రచనలు చేశాడని క్రైస్తవ ఛాందసులు ఆయనను వెలివేసినట్లు జీవితచరిత్రలు నమోదు చేశాయి. ఆదరించిన చేయి, తోసిన చేయి రెండు మతాల్లోనూ ఉన్నాయి.

పేదరికం, కులమతభేదం తనకు ఇద్దరు గురువులని జాషువ చెప్పుకొన్న విషయం సుప్రసిద్ధం. మొదటిది ఓర్పును నేర్పితే, రెండవది ఎదిరించే శక్తినిచ్చిందని ఆయన భావం. దీన్ని కష్టాలను దీవెనలుగా కీర్తించడమని అర్థం చేసుకోవడం పొరపాటు. పేదరికం మంచిదని ఆయన అనలేదు, దాని నుండి తాను నేర్చుకొన్నది తనదని అన్నారు. అన్యాయానికి కాక, అన్యాయం మధ్య తాను నిలుపుకొన్న మనుష్యత్వానికే ఆయన కృతజ్ఞుడు.

7. క్రీస్తు చరిత్ర

1958 నాటి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. క్రీస్తు జీవితాన్ని ఛందోబద్ధమైన తెలుగు పద్యంలో చెప్పడం ఈ కావ్య విశేషం. తెలుగు క్రైస్తవ సాహిత్యంలో పురుషోత్తమ చౌదరి వంటి కీర్తనకారులు అప్పటికే బలమైన గేయసంప్రదాయాన్ని ఏర్పరచారు. ఆ కీర్తనల్లో కృతజ్ఞత ప్రత్యక్షంగా పలుకుతుంది. జాషువ దారి వేరు. ఏ పద్యవిద్యను అభ్యసించినందుకు ఛాందసులు ఆయనను తప్పుపట్టారో, ఆ విద్యనే క్రీస్తు కథకు వాహకం చేశారు. వినుకొండ గురువు ఇచ్చిన విద్య, తల్లిదండ్రులు ఇచ్చిన విశ్వాసం ఒకే కావ్యంలో కలిశాయి. ఒక ఋణాన్ని తీర్చడానికి మరొక ఋణాన్ని కాదనవలసిన అవసరం లేదని ఈ కావ్యరూపమే నిరూపిస్తుంది.

8. ఒక అభ్యంతరం

జాషువ తనను విశ్వనరుడిగా ప్రకటించుకొన్నారు, కులమతాల గీతలను నిరాకరించారు. మలిదశలో నాస్తికతకు చేరువయ్యారని చెప్పినవారూ ఉన్నారు. అటువంటి కవిని క్రైస్తవ అస్తిత్వం కింద పరిశీలించడం సబబేనా? ఆయనను ఏదో ఒక సంఘానికి చెందిన కవిగా ముద్రవేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అలా చేస్తే వెలివేసిన చేతులే తిరిగి సొంతం చేసుకొన్నట్లవుతుంది. అయితే మనుషులందరూ ఒకే తండ్రి బిడ్డలన్న బోధ వింటూ పెరిగినవాడు విశ్వనరుడు కావడంలో వైరుధ్యం లేదు. సంఘం ఆ బోధను ఆచరించలేకపోయినప్పుడు, కవి సంఘాన్ని దాటి ఆ బోధతో మిగిలిపోయాడని కూడా చెప్పవచ్చు.

9. నేటి ప్రాసంగికత

రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు, 1950 ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. దళిత క్రైస్తవులకు ఆ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో ఉన్నారు. ఫలితంగా ఆదివారం సాక్ష్యంలో చెప్పే అస్తిత్వం ఒకటి, ధ్రువపత్రంలో నమోదయ్యే అస్తిత్వం మరొకటి అయిన కుటుంబాలున్నాయి. బహిరంగంగా కృతజ్ఞత చెప్పడానికి వారు మూల్యం చెల్లించవలసి వస్తున్నది. మతం మారితే కులం పోతుందని చట్టం భావిస్తే, పోలేదని ఊరూ, కొన్నిచోట్ల సమాధుల దొడ్డీ చెబుతున్నాయి. ఇటువంటి స్థితిలో ‘ఉన్నదానితో తృప్తిపడు’ అనే ఉపదేశాన్ని కృతజ్ఞత పేరుతో చెప్పడం ఎంత అన్యాయమో జాషువ రచనలు తెలుపుతాయి.

10. ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, జాషువ దృష్టిలో కృతజ్ఞత అంటే జ్ఞాపకం, అందులో దాస్యపు స్మృతి కూడా భాగమే. రెండు, దీవెనకు కృతజ్ఞత చెల్లించాలి గాని హక్కును దీవెనగా స్వీకరించరాదు. మూడు, దేవుని బిడ్డనన్న గుర్తింపు మనిషిని అణకువతో సరిపెట్టుకోనివ్వదు, సాటి మనుషుల ముందు సమానునిగా నిలబెడుతుంది.

కవి పేరుకు మూలమైన బైబిలు యెహోషువ, యొర్దాను నది దాటిన తరువాత పన్నెండు రాళ్ళను నిలబెట్టాడు. ఈ రాళ్ళెందుకని పిల్లలు అడిగినప్పుడు దాటివచ్చిన సంగతి చెప్పాలన్నది దాని ఉద్దేశం. దళిత క్రైస్తవ కుటుంబాల్లోని మౌఖిక సాక్ష్యాలను కూడా అటువంటి స్మృతిచిహ్నాలుగా గుర్తించి సేకరించవలసి ఉంది. వినుకొండ, నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో ఆ సేకరణ జరిగితే, జాషువ కావ్యాలకు మూలమైన జనవాక్కు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. యువ పరిశోధకులు ఈ దిశగా పూనుకోవడం అవసరం.