గుజ్జనగూళ్ల పుట్టినరోజు

మా మనవరాలికి మొన్న ఆదివారం ఎనిమిదేళ్లు నిండాయి. "అమ్మమ్మా, ఈసారి హాలు వద్దు, మ్యాజిక్ షో వద్దు. మనింట్లోనే అందరం వంట చేద్దాం" అంది నెల ముందే. వాళ్లమ్మ ఫోన్‌లో పిల్లల ఏప్రాన్లు, తెల్ల టోపీలు వెతకడం మొదలుపెట్టింది. నాకేమో ఒకటే దిగులు. పదిమంది పిల్లలు టోపీలు పెట్టుకుని వరసగా నిలబడి, పెద్దవాళ్లు కలుపుతుంటే చూసి, తిని వెళ్లిపోతే వాళ్ల చేతులకు ఏం మిగులుతుంది?

మా చిన్నప్పటి బువ్వాలాటలో లక్కపిడతల నిండా ఇసుక అన్నం, మందారాకు కూర, ఇటుకపొడి కారం. అమ్మ ఎప్పుడైనా గుప్పెడు అటుకులు, చిన్న బెల్లం ముక్క ఇచ్చిందంటే ఆ పూట ఆట కాస్తా నిజం వంటయిపోయేది. పోతన భాగవతంలో చిన్నారి రుక్మిణి కూడా గుజ్జనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది. ఆ పెట్టించడమే నాకు ఇష్టం. ఇప్పటి పుట్టినరోజుల్లో పిల్ల కుర్చీలో కూర్చుని అందరి దగ్గరా కానుకలు అందుకుంటుంది. మా పిల్ల ఆ ఒక్కరోజైనా గరిటె పట్టుకుని నలుగురికీ వడ్డించాలని నా కోరిక.

పొయ్యి వెలిగించకూడదని ముందే అనుకున్నాం. అలా వెతికితే మన వంటల్లోనే కావలసినన్ని దొరికాయి. శ్రీరామనవమి నాటి వడపప్పు, పానకం. సాయంత్రాలు బండి మీద అమ్మే ముంత మసాలా. పిల్లల తల్లులందరికీ ఫోన్ చేసి ఏం పడదో కనుక్కున్నాం. ఒక పాపకు పల్లీలు పడవట. ఆ పాప ఒక్కదానికే వేరే గిన్నె పెట్టడానికి నాకు మనసొప్పలేదు. వాళ్లమ్మను అడిగి, పల్లీలు పూర్తిగా మానేసి మరమరాల్లోకి పుట్నాల పప్పు తెచ్చాం.

మధ్యాహ్నం రెండింటికి పెసరపప్పు నానబోశాను. గంటన్నర చాలు, గోటితో నొక్కితే పుటుక్కున విరుగుతుంది. కొబ్బరి, మామిడికాయ ముందే తురిమి, ఉల్లిపాయలు తరిగి, కత్తిపీటనూ తురుముపీటనూ అటకెక్కించాను. కీరా దోసకాయ మాత్రం పిల్లలే తరగాలని పదును లేని చాకులు నాలుగు ఉంచాను. హాల్లో చాపలు పరిచి, వాటి మీద పాత పేపర్లు వేశాం.

నేను పొరపాటు పడింది రోలు దగ్గర. పానకంలోకి మిరియాలు, యాలకులు, సొంఠి దంచడానికి పై అరలోంచి చిన్న రాతి రోలు దింపాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దంచుతారులే అనుకున్నాను. మూడో పిల్ల వంతు వచ్చేసరికి మిగతావాళ్లు తోసుకోవడం మొదలైంది. పిల్లలతో వంట అంటే ఏ నిమిషంలోనూ ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. పక్కింటి నుంచి ఇంకో రోలు తెచ్చి, పిల్లల్ని మూడు జట్లు చేశాక ఇల్లు కుదుటపడింది. ఒక జట్టు దంచుతుంటే ఇంకోటి బెల్లం కరిగిస్తోంది, మూడోది కీరా ముక్కలు కోస్తోంది. కాసేపయ్యాక జట్లు మారడం.

ఒక తొమ్మిదేళ్ల బాబు "మా ఇంట్లో నన్ను వంటింట్లోకి రానివ్వరండీ" అన్నాడు మెల్లగా. వాడికి పొత్రం ఇచ్చాను. మిరియాల ఘాటుకు నాలుగు తుమ్ములు తుమ్మాడు కానీ, జట్టు మారినా రోలు వదల్లేదు. ఆ తర్వాత కప్పు బెల్లం తురుముకి ఐదు కప్పుల నీళ్లు తనే కొలిచి పోసి, అడుగున పలుకు లేకుండా కరిగేదాకా కలిపి, "వడకట్టాలి కదా?" అని అడిగాడు. ఆడపిల్లలకే లక్కపిడతలు కొనిచ్చిన మా తరం మగపిల్లలకు ఎంత అన్యాయం చేసిందో వాడి మొహం చూస్తే అర్థమైంది.

వడపప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నేను చెయ్యి పెట్టకుండా, "ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. కాసేపు తర్జనభర్జన పడి, ఇంకాస్త పప్పు, ఇంకాస్త కొబ్బరి వేద్దామని వాళ్లే తేల్చారు. అందుకోసమే రెండు గుప్పెళ్ల నానిన పప్పు పక్కన దాచి ఉంచాను.

ఆరింటికి తల్లిదండ్రులు వచ్చారు. మనవరాలు ఒక్కొక్కరి ముందూ దొప్ప పెట్టి వడపప్పు వడ్డించింది, వెనకే ఆ బాబు పానకం గ్లాసులు అందించాడు. వెళ్లేవాళ్ల చేతుల్లో ఏటికొప్పాక లక్కపిడతలు పెట్టాం. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క పూసి చేసే ఆ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి తీసిన రంగులు వేసినవే కావాలని అడిగి మరీ తెప్పించాను. మగపిల్లలకూ అవే ఇచ్చాం.

అంతకుముందే బాల్కనీలో రెండు టబ్బుల నీళ్లు పెట్టాను, ఎవరి గిన్నె వాళ్లు కడుక్కోవడానికి. ఒళ్లంతా తడుపుకున్నారు గానీ ఒక్క గిన్నె మిగల్చలేదు. అందరూ వెళ్లాక రోలు తుడిచి పై అరలో పెట్టబోయాను.

"అక్కడొద్దు అమ్మమ్మా, నాకందదు. కిందే పెట్టు" అంది.

బియ్యం డబ్బా పక్కన చోటు చేసి పెట్టాను.