చదవలేని అక్షరం
(దోహా చిత్రశాలలలో కలిగిన కొన్ని ఆలోచనలు)

గత సెలవులలో మా అమ్మాయి ఉద్యోగం చేస్తున్న దోహా నగరంలో మూడు వారాలు గడిపాను. ఖతార్ మేడల గూర్చి, బజారుల గూర్చి చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను అక్కడ చూచిన కొన్ని చిత్రాల గూర్చి వ్రాయాలని ఉంది. ఆ చిత్రాలలో మనుషులు లేరు, చెట్లు లేవు, ఇళ్ళు లేవు. అక్షరాలు ఉన్నాయి. అయితే అవి చదవడానికి వ్రాసినవి కావు, చూడడానికి గీసినవి. నాకు చిత్రకళలో శిక్షణ లేదు. నేను బడిపంతులమ్మను. తెలుగు కూడా పదేళ్ళు దాటిన తరువాత మన సభ వారి శనివారపు తరగతిలో నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే పాఠకులు మన్నించాలి. కానీ అక్షరాన్ని ఆలస్యంగా నేర్చుకున్న మనవంటివారికి ఈ చిత్రాలు ఒక మాట చెప్తాయని నా నమ్మకం.

దోహాలోని ఎడ్యుకేషన్ సిటీలో 'మత్‌హఫ్' అనే ఆధునిక అరబ్బు కళా ప్రదర్శనశాల ఉంది. 2010 డిసెంబరులో దీనిని తెరిచారు. ఇది పూర్వం ఒక బడి. ఆ బడి భవనాన్నే ఝాఁ ఫ్రాన్స్వా బోదాఁ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి చిత్రశాలగా మార్చాడు. ఇక్కడి సేకరణలో తొమ్మిది వేలకు పైగా కళాఖండాలు ఉన్నాయి. బడి అని తెలియగానే నాకు కొంత ధైర్యం వచ్చింది. తరగతి గదిలో తెలియనిది అడగడానికి సిగ్గు పడనక్కరలేదు కదా!

నైరూప్య చిత్రం చూడగానే మనం సాధారణంగా ఏమంటాం? "ఇందులో ఏముంది? మా మనుమడు కూడా గీస్తాడు" అంటాం. నేనూ ఆ మాట అన్నదాన్నే. ఐరోపాలో కాండిన్‌స్కీ వంటివారు 1910 ప్రాంతాలలో చిత్రం నుండి వస్తువులను మెల్లగా తొలగించారు. 1915లో మాలేవిచ్ ఒక నల్లని చదరం గీసి, చిత్రమంటే ఇది చాలునన్నాడు. అరబ్బు చిత్రకారులు నైరూప్యానికి ఆ త్రోవనే రాలేదు. వారికి తమ ఇంటిలోనే మరొక తలుపు దొరికింది. అది అక్షరం. అరబ్బీలో 'హర్ఫ్' అంటే అక్షరం, 'హురూఫ్' అంటే అక్షరాలు. అందుకే ఈ పద్ధతికి 'హురూఫియ్యా' అని పేరు వచ్చింది. ఇరాక్ చిత్రకారిణి మదీహా ఉమర్ 1949లోనే వాషింగ్టన్ నగరంలో ఇటువంటి చిత్రాలు ప్రదర్శించింది. 1971లో బాగ్దాదులో షాకిర్ హసన్ అల్ సయీద్ 'ఏక పరిమాణం' అనే బృందాన్ని ఏర్పరచాడు.

షాకిర్ హసన్ (1925–2004) చిత్రాలు మొదట చూచినప్పుడు ఇవి చిత్రాలా, పాత గోడలా అనే అనుమానం కలుగుతుంది. గోడ మీద ఎవరో గోటితో గీకినట్లు ఒక అక్షరం, ఒక బీట, రంగు కారిన చార, ఒక రంధ్రం. అందం కోసం పెట్టినది ఏదీ కనిపించదు. కొంతసేపు నిలబడితే మరొకటి తోస్తుంది. ఏ మనిషో ఇక్కడికి వచ్చాడు, తానున్నానని చెప్పడానికి ఒక గీత గీసి వెళ్ళిపోయాడు. కోరంగి వంటి రేవులలో ఓడ ఎక్కిన మన పూర్వీకులలో చదువు రానివారు ఎందరో ఒప్పంద పత్రం మీద సంతకానికి బదులు ఒక గుర్తు పెట్టారు. ఆ గుర్తును ఎవరూ చదవలేరు. అయినా దానిలో ఒక మనిషి ఉన్నాడు. షాకిర్ హసన్ గీత ముందు నాకు ఆ గుర్తు జ్ఞాపకం వచ్చింది. ఆయన గొప్పతనం అక్కడే ఉందని నేననుకుంటాను. అర్థం తీసివేసిన తరువాత కూడా గీతలో చేయి మిగులుతుంది.

ఖతార్ దేశస్థుడైన అలీ హసన్ త్రోవ వేరు. ఆయన చాలాకాలంగా 'నూన్' అనే ఒక్క అక్షరాన్ని పట్టుకొని పని చేస్తున్నాడు. గిన్నెలాంటి ఒక వంపు, దానికి ఒక చుక్క, అంతే ఆ అక్షరం. హమద్ విమానాశ్రయంలో ఉన్న ఆయన 'ఎడారి గుర్రం' అనే శిల్పం కూడా ఆ నూన్ వంపు నుండి పుట్టినదే. ఒక్క అక్షరంతో ఇంతకాలం ఏమి చేస్తాడు అని అడగవచ్చు. మా నాయనమ్మ జీవితమంతా చుక్కలు పెట్టి గీతలు కలిపింది. ఆ ముగ్గు ఏ వస్తువు బొమ్మ అని మేము ఎన్నడూ అడగలేదు. నైరూప్య చిత్రం మనకు కొత్త కాదు. మన వాకిలిలో ఉన్నంతకాలం దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే.

అయితే ఈ పద్ధతిలో వచ్చినవన్నీ మంచివని నేను చెప్పను. హోటళ్ళ గోడల మీద, అంగళ్ళలో అక్షరాలను తీగలవలె అల్లిన పటాలు చాలా చూచాను. బంగారు రంగు పూసి, నాలుగు వంపులు తిప్పి వదిలారు. అవి కర్టెన్ గుడ్డ మీది పువ్వుల వంటివి. గదికి అందమే కానీ, అక్షరంతో చిత్రకారుడు పడిన పెనుగులాట ఏదీ వాటిలో లేదు. అక్షరాన్ని మన ఊరి గుర్తుగా అతికించడం వేరు, అక్షరంలోనికి వెళ్ళి వెతకడం వేరు.

ఈ తేడాను నాకు స్పష్టం చేసినవాడు ఒక టాక్సీ డ్రైవరు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. తెలుగు మాట వినగానే సంతోషించి, "అమ్మా, మీరు పుస్తకం సదివినట్టు మాట్లాడుతున్నరు" అని నవ్వాడు. దారి బోర్డులు ఎట్లా చదువుతావు నాయనా అని అడిగాను. "అరబ్బీ సదువరాదమ్మా. ఇంగ్లీషు గూడ అంతంత మాత్రమే. బొమ్మ లెక్క గుర్తువెట్టుకున్న" అన్నాడు. అతనికి అక్షరం బొమ్మ అయింది అవసరం వల్ల. షాకిర్ హసన్‌కు అక్షరం బొమ్మ అయింది సంపూర్ణంగా చదవగలిగినందువల్ల. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

ఇక మన సంగతి చెప్పక తప్పదు. దోహాలో మా అమ్మాయి గదిలో గోడ మీద ఒక పటం ఉంది. నల్లని చెక్క మీద తెల్లని తెలుగు అక్షరాలు: 'అమ్మ'. వచ్చిన స్నేహితులందరూ ఎంత గుండ్రని లిపి అని మెచ్చుకుంటారట. నేను పొంగిపోయాను. ఆ రాత్రి తెలుగులో నాలుగు పంక్తుల చీటీ వ్రాసి బల్ల మీద పెట్టాను. ఉదయం అది అట్లాగే ఉంది. "బాగుందమ్మా, ఏమని వ్రాశావు?" అని క్రియోల్ భాషలో అడిగింది. తప్పు దానిది కాదు. శనివారాలలో ఊరి పిల్లలకు గుణింతాలు దిద్దించిన నేను, ఇంటికి వచ్చి నా బిడ్డతో క్రియోలే మాట్లాడాను.

అరబ్బు బాలుడు ఉదయం బడిలో నూన్ చదువుతాడు. సాయంకాలం చిత్రశాలలో ఆ నూన్ గుర్రమై పరుగెత్తడం చూచి ఆశ్చర్యపడతాడు. ఆ ఆశ్చర్యమే ఆ చిత్రానికి ప్రాణం. చదవడం తెలిసినవాడి ముందే అక్షరం అర్థాన్ని విడిచి ఆడుకోగలదు. చదివేవారే లేనిచోట అది విడిచిపెట్టేది ఏమీ లేదు. మన శుభలేఖల మీద, గుడి ద్వారాల మీద తెలుగు అక్షరాలు చక్కగానే ఉన్నాయి. వాటిలో ఒక వత్తు పోయినా గుర్తించేవారు ఎందరు? దానిని నైరూప్య కళ అనలేం. అది మరపు.

తిరిగి వచ్చే ముందు ఎడ్యుకేషన్ సిటీలోనే మరొక ప్రదర్శనశాల చూచాను. హైదరాబాదులో 'సినిమా ఘర్' నెలకొల్పిన ఎం. ఎఫ్. హుస్సేన్ 2010లో ఖతార్ పౌరుడై, 2011లో లండనులో కన్నుమూశాడు. ఆయన చిత్రాలకై 2025 నవంబరులో ఈ భవనాన్ని తెరిచారు. దాని పేరు 'లౌహ్ వ ఖలమ్'. అర్థం అడిగితే "పలక, కలం" అని చెప్పారు. నాకు వెంటనే మన శనివారపు తరగతి, తడిగుడ్డతో తుడిచిన పలక, బలపం కీచుమనే చప్పుడు జ్ఞాపకం వచ్చాయి.

మా అమ్మాయి ఇప్పుడు వారానికి ఒకసారి ఫోనులో నాతో కూర్చుంటున్నది. ముప్పై ఏళ్ళ పిల్ల 'అ' దిద్దుతున్నది. మొదటి రోజు అది అక్షరాన్ని బొమ్మవలె క్రింది నుండి పైకి గీసింది. ఎక్కడ మొదలుపెట్టాలో చూపించాను. పాఠకులారా, మీ ఇంటి గోడ మీద కూడా అటువంటి పటం ఉంటే తీసివేయకండి. దాని క్రింద ఒక పలక పెట్టండి.