రాక్ శ్రోతల ముచ్చట్లు

రాక్ కచేరీలకు వెళ్ళే అలవాటున్న ఇద్దరు ఎక్కడ కలుసుకున్నా సంభాషణ దాదాపు ఒకే తీరున సాగుతుంది. ఎవరిని విన్నారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో అని మొదలవుతుంది. ఏ పాటతో ఆరంభించారు, ఏ పాట వదిలేశారు, గిటారు వాయించేవాడు ఆ రోజు తాగి ఉన్నాడా లేదా, హాలులో మాట స్పష్టంగా వినిపించిందా, టిక్కెట్టు ఎంత, ఆఖరి బస్సు దాటిపోతే ఇంటికి ఎలా చేరారు – ఇంతదాకా వెళుతుంది. చివరికి ఇద్దరిలో ఒకరు, తాను చూసిన కచేరి ఎదుటివాడు చూడలేకపోయినందుకు జాలిపడతారు. బయటివాడికి ఇవన్నీ పనిలేని కబుర్లుగా తోస్తాయి. విమర్శకులకూ అలాగే తోచింది. పాట వస్తువు గురించీ, పాడేవాడి వర్గ స్వభావం గురించీ పుటలకొద్దీ రాసినవాళ్ళు కూడా శ్రోతలు తమలో తాము చెప్పుకునే మాటల్ని విమర్శగా లెక్కకట్టలేదు. ఈ చిన్నచూపు సమంజసమేనా అన్నది ఇక్కడ ప్రశ్న.

ఈ చిన్నచూపుకు సిద్ధాంతం అండ లేకపోలేదు. జర్మన్ తాత్వికుడు అడోర్నో 1938లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, పెట్టుబడిదారీ సమాజంలో సంగీతం సరుకుగా మారిపోయిందనీ, దానితోపాటు వినే శక్తి కూడా దిగజారిందనీ వాదించాడు. టోస్కనీనీ కచేరికి వెళ్ళినవాడు ఆరాధించేది సంగీతాన్ని కాదు, టిక్కెట్టుకు తాను చెల్లించిన డబ్బునే అని ఆయన ఎత్తిపొడుపు. పదునైన మాటే. కచేరికి వెళ్ళివచ్చినవాడు మొట్టమొదట టిక్కెట్టు వెల చెప్పటం విన్నప్పుడల్లా అది గుర్తుకొస్తుంది. కాని ఆ తీర్పులో ఒక లోపం ఉంది. సరుకు ఎలా తయారవుతుందో, ఎలా చెలామణి అవుతుందో అడోర్నో చూపించాడు. కొన్న మనుషులు దాన్ని ఏం చేసుకుంటారో విచారించలేదు. కొన్నవాడి మాట వినకుండానే వాడికి చెవులు లేవని తేల్చాడు. అభ్యుదయ విమర్శకు ఇది తగిన పద్ధతి కాదు. ప్రజలు ఏమంటున్నారో విన్న తర్వాత గదా, వాళ్ళు పొరబడుతున్నారని చెప్పే హక్కు మనకు వచ్చేది!

మాంచెస్టరులోని ఫ్రీ ట్రేడ్ హాలు సంగతి తీసుకుందాం. రాక్ అభిమానుల ముచ్చట్లలో ఆ పేరు రెండుసార్లు తప్పకుండా వస్తుంది. అంతకన్నా ముందు అది మన చరిత్రలో కూడా వస్తుంది. 1819 ఆగస్టు 16న సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే చోట పార్లమెంటు సంస్కరణలు కోరుతూ వేలాది కార్మికులు భార్యాబిడ్డలతో సహా సమావేశమైతే, వాళ్ళమీదికి కత్తులు దూసిన రౌతుల్ని తోలారు. పీటర్లూ హత్యాకాండ అని పేరుపడిన ఘటన అది. ఆ నేలమీదనే 1850 దశకంలో ధాన్యపు చట్టాల రద్దుకు స్మారకంగా ఈ హాలు లేచింది. చచ్చిపోయినవాళ్ళ పేరు కాక స్వేచ్ఛా వాణిజ్యం పేరు పెట్టారంటే, పేర్లు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉండిందో వేరే చెప్పక్కర్లేదు.

1966 మే 17 రాత్రి ఆ హాలులో బాబ్ డిలన్ పాడాడు. మొదటి సగం ఒంటరిగా, మామూలు గిటారుతో. జనం మౌనంగా, భక్తితో విన్నారు. రెండో సగంలో బృందంతో, విద్యుత్ గిటార్లతో వచ్చాడు. కొందరు లయ తప్పించటానికి నెమ్మదిగా చప్పట్లు చరిచారు. పాటకీ పాటకీ మధ్య ఎవరో ఒకతను "యూదా!" అని కేకవేశాడు. క్రీస్తును పట్టి ఇచ్చిన యూదా. నీ మాట నేను నమ్మనని డిలన్ జవాబు చెప్పి, ఇంకా గట్టిగా వాయించమని తన వాళ్ళను పురమాయించాడు. ఈ రాత్రి రికార్డింగు లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలు కచేరి అనే తప్పుడు పేరుతో యేళ్ళ తరబడి దొంగచాటుగా చేతులు మారింది. కంపెనీ దాన్ని బహిరంగంగా విడుదల చేసింది 1998లో. అంటే ముప్ఫై రెండేళ్ళపాటు దాన్ని బతికించింది శ్రోతలే.

ఆ కేక వెనుక వామపక్షం పాత్ర కొంత ఉంది. దాన్ని దాచుకోనక్కర్లేదు. బ్రిటనులో జానపద గేయ పునరుద్ధరణ ఉద్యమాన్ని నడిపించినవాళ్ళలో కమ్యూనిస్టులు ముఖ్యులు. 1936లో ఏర్పడిన వర్కర్స్ మ్యూజిక్ అసోసియేషన్ నుంచే టాపిక్ రికార్డుల సంస్థ పుట్టింది. మాంచెస్టరును ఆనుకుని ఉన్న సాల్ఫర్డులో పుట్టిన ఇవాన్ మెక్‌కోల్, ఎవరి ప్రాంతపు పాట వాళ్ళే పాడాలని తన క్లబ్బులో కట్టడి చేశాడు. పరాయి పాటల దిగుమతి మీద అసహ్యంతో చేసిన పని అది. దానివల్ల ఎందరో యువకులు తమ ఊరి ముసలివాళ్ళ పాటల్ని వెతికిపట్టుకున్నారు. కాని ఆ కట్టడే క్రమంగా మడిగా మారింది. 1965లో మెక్‌కోల్ డిలన్‌ను సామాన్యమైన ప్రతిభ గల కుర్రవాడుగా కొట్టిపారేశాడు. విద్యుత్ వాద్యం వ్యాపారానిది, చెక్క గిటారు ప్రజలది అని ఒక సమీకరణం తయారైంది.

ఈ సమీకరణం శుద్ధ తప్పు. విద్యుత్ గిటారును బ్లూస్‌లోకి తెచ్చినవాళ్ళెవరు? మిసిసిపీ పత్తిచేలను వదిలి షికాగో ఫ్యాక్టరీలకు వలసపోయిన నల్లజాతి శ్రామికులు. పనిదినం ముగిశాక కిక్కిరిసిన సారాకొట్లలో, ఆ గోలలో, మామూలు గిటారు వినిపించక మడ్డీ వాటర్స్ వంటివాడు విద్యుత్ గిటారు పట్టాడు. ఆయన 1958లో ఇంగ్లండు వచ్చి అదే వాయిస్తే అక్కడి జానపద ప్రియులు కొందరు నొచ్చుకున్నారు. కార్మికుడు తన అవసరం కొద్దీ ఎన్నుకున్న వాద్యాన్ని, కార్మికుడి మేలు కోరేవాళ్ళు అపవిత్రమన్నారన్నమాట! వస్తువును వదిలి పనిముట్టు మీద పడితే విమర్శ ఇక్కడికే చేరుతుంది.

అయితే కేక వేసినవాణ్ణి మూర్ఖుడని తోసిపుచ్చటానికి నేను ఒప్పుకోను. పాటగాడు తనకు ఏదో బాకీ ఉన్నాడని అతను నమ్మాడు. ఆ నమ్మకం సరుకు కొన్నవాడిది కాదు. సరుకు కొన్నవాడు నచ్చకపోతే డబ్బు తిరిగి ఇమ్మంటాడు, ద్రోహి అనడు. పైగా ఆ యేటి కచేరీలకు వెళ్ళినవాళ్ళు తర్వాత చెప్పుకున్న మాటల్లో ద్రోహం కన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మరొకటుంది: మాటలు వినపడలేదు. ఆనాటి హాళ్ళలోని లౌడ్‌స్పీకర్లు అంత ధ్వనికి తగినవి కావు. డిలన్ దగ్గరికి జనం వెళ్ళిందే మాటల కోసం. పత్రికలు విప్లవమా, ద్రోహమా అని వాదులాడుతున్నప్పుడు, వెనుక వరసలో కూర్చున్నవాడు యంత్రం గురించి ఒక భౌతిక సత్యం చెప్పాడు. ఎవరి మాట మెరుగైన విమర్శ?

పదేళ్ళ తర్వాత, 1976 జూన్ 4న, అదే భవనంలో పై అంతస్తులోని చిన్న హాలులో సెక్స్ పిస్టల్స్ వాయించారు. హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు స్థానిక యువకులు పిలిపించారు. వచ్చినవాళ్ళు నలభైమంది, అటూ యిటూ. వాళ్ళలో సాల్ఫర్డు కుర్రవాళ్ళు పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ ఉన్నారు. హుక్ మర్నాడే పోయి గిటారు కొన్నాడు. ఇద్దరూ తర్వాత జాయ్ డివిజన్ బృందంలో వాయించారు. ఈ కథ ప్రచారంలోకి వచ్చాక "ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను" అని చెప్పుకునేవాళ్ళు వేలల్లో తేలారు. ఈ అబద్ధం మీద ఒక పుస్తకమే వచ్చింది. మనకిది కొత్తేం కాదు. మన ఊళ్ళలో క్విట్ ఇండియా నాడు జైలుకు పోయామని చెప్పుకున్నవాళ్ళందరూ నిజంగా పోయివుంటే బ్రిటిషువాడి జైళ్ళు చాలివుండేవి కావు.

ఈ అబద్ధాన్ని గొప్పలు చెప్పుకోవటంగా మాత్రమే చూడటం తేలిక. కాని జనం ఏ సంగతి గురించి అబద్ధమాడుతున్నారో చూడాలి. అదే యేడు పెద్ద పెద్ద మైదానాల్లో, లక్షలు ఖర్చుపెట్టి వేసిన వేదికల మీద పెద్ద బృందాలు వాయించాయి. అక్కడికి వెళ్ళానని ఎవరూ అబద్ధం చెప్పుకోరు. మిల్లులు మూతబడుతున్న ఊళ్ళో, సరిగా వాయించటం రాని కుర్రవాళ్ళను చూసి "ఈ మాత్రం మేమూ చెయ్యగలం" అని నలభైమంది అనుకున్న రాత్రిలో మాత్రం చోటు కోరుకుంటున్నారు. అంటే దేనికి విలువ ఇవ్వాలో వాళ్ళకు తెలుసు. సాక్ష్యం అబద్ధం కావచ్చు, తీర్పు మాత్రం సరైనదే.

ముచ్చట్లు నిజమైన విమర్శ స్థాయిని అందుకున్న చోటు అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ శ్రోతల మధ్య ఉంది. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ బృందం 1995లో జెర్రీ గార్సియా మరణంతో ముగిసేలోపల 2,300కు పైగా కచేరీలు చేసింది. నిన్నటి వరసలో ఇవాళ వాయించేవారు కారు. పాట అదే అయినా దాని పొడవు, నడక, మధ్యలో పెంచే తీరు ప్రతి రాత్రీ మారేవి. శ్రోతలు కచేరీలను రికార్డు చేసుకుంటుంటే బృందం అడ్డుచెప్పలేదు; 1984 నుంచి అలాంటివాళ్ళకు హాలులో ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. దాని మీద శ్రోతలే ఒక ధర్మం ఏర్పరచుకున్నారు: టేపు అమ్మకూడదు. టేపుకు టేపు ఇవ్వాలి, లేదా ఖాళీ టేపూ తపాలా ఖర్చూ పంపితే ఎక్కించి పంపాలి. సరుకుల ప్రపంచం నడిబొడ్డున మారకం విలువ లేని ఒక చిన్న వ్యవహారం దశాబ్దాల పాటు నడిచింది.

దాని ఫలితం మాటల్లో తేలింది. ఒకే పాట ఇరవై రాత్రుల్లో ఎలా ఉందో పోల్చిచూడగలిగిన శ్రోత, "బాగుంది" అనే మాటతో సరిపెట్టుకోలేడు. ఎందుకు బాగుందో, ఎక్కడ తాళం జారిందో, ఎవరు ఎవరికి సందిచ్చారో చెప్పవలసివస్తుంది. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరి గొప్పదని నిర్ణయించింది ఏ పండితుడూ కాదు; టేపులు మార్చుకున్న ఈ జనమే. 2012లో అమెరికా జాతీయ గ్రంథాలయం ఆ రికార్డింగును తన జాబితాలో చేర్చుకున్నది ఆ తీర్పును అనుసరించే. మన పద్యనాటకాల ప్రేక్షకులు దీన్ని వెంటనే గుర్తుపడతారు. ఒకే రాయబారం పద్యాన్ని పదిమంది కృష్ణుల నోట విని, ఒకరికి "వన్స్ మోర్" కొట్టి మరొకరికి కొట్టకుండా ఊరుకున్న రైతులు, తెల్లవారుజామున బండ్లమీద తిరిగివస్తూ చేసుకున్న వాదనల్ని ఎవరైనా రాసిపెట్టి ఉంటే, నాటక విమర్శకు మనకీ దారిద్ర్యం ఉండేది కాదు.

కాని ఈ లోకాన్ని స్వర్గంగా వర్ణించటం కూడా సరికాదు. 2005 నవంబరులో, ఉచితంగా అందుబాటులో ఉన్న ఆ రికార్డింగులను బృందం తరఫున ఉపసంహరించారు. శ్రోతలు తిరగబడ్డారు. బృంద సభ్యుడు ఫిల్ లెష్ కూడా తనకు ఆ సంగతి తెలియదని, వాటిని తిరిగి ఉంచాలని అన్నాడు. శ్రోతలు చేసుకున్నవి తిరిగి వచ్చాయి. బృందం యంత్రాల నుంచి నేరుగా తీసినవాటిని వినవచ్చుగాని దింపుకోకూడదన్నారు. దానమిచ్చినవాడికి వెనక్కు తీసుకునే హక్కు ఉన్నంతకాలం అది ఉమ్మడి ఆస్తి కాలేదని ఆనాడు తెలిసింది.

ఈ ముచ్చట్లలో కొన్ని విషయాలు వినిపించవు. సామాన్లు మోసేవాళ్ళు, వేదిక కట్టేవాళ్ళు, హాలు ఊడ్చేవాళ్ళు కనపడరు. స్త్రీలకు ముందు వరసలో నిలబడే వీలు ఉందా అన్న మాట మగవాళ్ళ ముచ్చట్లలో రానేరాదు. 1990 దశకం మొదట్లో బికినీ కిల్ బృందం గాయని క్యాథ్లీన్ హానా ఆడపిల్లలను ముందుకు రమ్మనీ, మగవాళ్ళను వెనక్కు జరగమనీ వేదిక మీదినుంచి చెప్పింది. అప్పటిదాకా తోపులాటలో ఒళ్ళు హూనం చేసుకుని, అసభ్యపు చేతులు భరించి, వెనక గోడకు ఆనుకుని విన్నవాళ్ళకు కచేరి అంటే ఏమిటో అప్పుడు మాటల్లోకి వచ్చింది. గిటారు తీగల గురించి గంటలకొద్దీ మాట్లాడగలిగిన మగ శ్రోతకు పక్కనున్న మనిషి కనపడలేదంటే, ఆ రసజ్ఞత ఎంత ఇరుకైనదో ఆలోచించాలి.

ఇక వెల సంగతి. 1994లో పెర్ల్ జామ్ బృందం టిక్కెట్‌మాస్టర్ గుత్తాధిపత్యం మీద అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. 1995లో న్యాయశాఖ ఆ విచారణ ముగించి చేతులు దులుపుకున్నది. 2010లో ఆ కంపెనీ, కచేరీలు ఏర్పాటు చేసే లైవ్ నేషన్ కంపెనీతో కలిసిపోయింది. హాలు, ఏర్పాటు, టిక్కెట్టు ఒకే గూటికి చేరాయి. 2024 మేలో అదే న్యాయశాఖ ఆ ఉమ్మడి కంపెనీమీద దావా వేసింది. మధ్యలో గడిచిన ముప్ఫై యేళ్ళూ చెల్లించినది శ్రోతలే.

మాంచెస్టరు శివారు బర్నేజి కార్మిక కుటుంబాల నుంచి వచ్చిన ఒయాసిస్ బృందం 1996 ఆగస్టులో నెబ్‌వర్త్‌లో రెండు రాత్రులు వాయిస్తే రెండున్నర లక్షలమంది వచ్చారు. టిక్కెట్టు ఇరవై రెండున్నర పౌన్లు. 2024 ఆగస్టులో వాళ్ళ పునస్సమాగమ కచేరీలకు గంటలకొద్దీ వరసలో వేచివున్న జనానికి, తమ వంతు వచ్చేసరికి, దాదాపు 150 పౌన్లని అనుకున్న టిక్కెట్టు 355 పౌన్లు దాటి కనిపించింది. గిరాకీ ఉందిగనక పెంచామన్నారు. ఇలా పెంచే పద్ధతి వాడబోతున్నారని తమకు తెలియదనీ, వెలల నిర్ణయం నిర్వాహకులదేననీ బృందం ప్రకటించింది. సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ విచారణకు దిగింది. ఆ వారమంతా అభిమానులు మాట్లాడుకున్నది పాటల గురించి కాదు. ఎన్ని గంటలకు కూర్చున్నాం, ముందు ఎంతమంది ఉన్నారు, ఎంత చూపించింది, ఇంట్లో ఏమని చెప్పి కొన్నాం, కొనకుండా లేచి ఎలా వచ్చాం – ఇవే. అడోర్నో చెప్పినట్టు డబ్బును గురించే. పూజగా మాత్రం కాదు.

ఫ్రీ ట్రేడ్ హాలు 1996లో మూతబడి, 2004లో హోటలుగా తెరుచుకుంది. ముందువైపు గోడ మాత్రం పాతదే నిలిపారు. యూదా అనే కేక విన్న హాలు లోపల లేదు. ఆ రెండు రాత్రుల గురించి అడుగుతూ వచ్చేవాళ్ళు రోడ్డు అవతల నిలబడి, పై అంతస్తు కిటికీల్లో చిన్న హాలు ఏ వైపు ఉండేదో వేళ్ళతో చూపించుకుంటారు.