నీకెంతొచ్చింది?

నవంబరు వచ్చేసరికి మా ఇంటికి శనివారం లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే పిల్లల వెనకాలే వాళ్ళ తల్లిదండ్రులూ లోపలికొస్తారు. పిల్లల్ని దింపేసి కాస్ట్‌కోకి వెళ్ళిపోయేవాళ్ళు ఆ నెలలో మాత్రం చెప్పులు విడిచి, సోఫా అంచున కూర్చుని, ఫోను నా చేతిలో పెడతారు. "అక్కా, ఇదొక్కసారి చూసిపెట్టండి." వెనకటికి ఊళ్ళో కార్డుముక్క వస్తే చదువొచ్చినవాళ్ళింటికి పట్టుకెళ్ళి చదివించుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. వచ్చేదేమో పగలంతా బ్యాంకులకి, మందుల కంపెనీలకి డేటా విడమరిచి చెప్పే ఇంజనీర్లు. కన్నబిడ్డ అంకెలు కనిపిస్తే మాత్రం ఆ చదువంతా ఎటుపోతుందో!

ఫోనులో ఉండేది ఎస్‌ఎస్‌ఏటీ ఫలితం. అమెరికాలో ప్రైవేటు హైస్కూళ్ళలో చేరాలంటే రాసే పరీక్ష, 1957 నుంచీ ఉంది. ఇందులో పైస్థాయి పేపరు ఇప్పుడు ఎనిమిది నుంచి పదకొండు దాకా చదువుతున్న పిల్లలది. పదాలు, లెక్కలు, చదివి అర్థం చేసుకోవడం, ఈ మూడింటికీ విడివిడిగా 500 నుంచి 800 వరకు వేస్తారు. అన్నీ కలిపితే 1500 నుంచి 2400. వాట్సాప్‌లో ఇండియాకి "పంతొమ్మిది వందలొచ్చాయి" అని చెబితే అమ్మమ్మలు దిష్టి తీయమంటారు. అసలు మొదలయ్యేదే పదిహేను వందల దగ్గరని వాళ్ళకెవరూ చెప్పరు. చెప్పకపోవడమే మంచిది.

కిందటేడు ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు మా వంటింటి బల్ల దగ్గర దాదాపు కొట్టుకున్నంత పనిచేశారు. ఒకడు తొమ్మిది, ఒకడు ఎనిమిది. మొత్తం మార్కులు పెద్దవాడికి ఓ ఇరవై ఎక్కువ. పర్సంటైల్ మాత్రం చిన్నవాడిదే ఎక్కువ. "ఆంటీ, వాడిది తప్పు పడింది" అని పెద్దవాడి గోల. తప్పేమీ లేదు. పేపరు ఒకటే అయినా పర్సంటైల్ కట్టేటప్పుడు ఎనిమిది వాళ్ళని ఎనిమిది వాళ్ళతోనే, తొమ్మిది వాళ్ళని తొమ్మిది వాళ్ళతోనే చూస్తారు. అదీ ఈ ఏడాది రాసినవాళ్ళతో కాదు. గత మూడేళ్ళలో అమెరికా, కెనడాల్లో ఆ తరగతిలో ఉండి మొదటిసారి రాసిన పిల్లలతో. అంటే గంటసేపటినుంచి ఒకళ్ళనొకళ్ళు కొలుచుకుంటున్న ఈ ఇద్దర్నీ పరీక్ష పెట్టినవాళ్ళు ఒక్కసారి కూడా పక్కపక్కన నిలబెట్టలేదు.

ఈ మాట పిల్లలకి చప్పున ఎక్కింది. పెద్దవాళ్ళకే ఎక్కదు. పక్క బెంచీలో కూర్చున్నవాడు ఎంత గొప్పగా రాసినా నీ పర్సంటైల్ ఒక్క గీత కదలదని చెబితే నమ్మకంగా తలూపుతారు కానీ కళ్ళల్లో తెలిసిపోతుంది, నమ్మలేదని. ఎలా నమ్ముతారు? మేమంతా ఎంసెట్ తిని పెరిగినవాళ్ళం. అక్కడ నా ముందు ఒకడొస్తే నేను ఒక మెట్టు దిగినట్టే. కౌన్సెలింగ్‌లో ర్యాంకు వరసనే పిలిచేవారు, నీ వంతు వచ్చేసరికి ఏ కాలేజీ మిగిలితే అదే నీది. జూన్ నెలలో టీవీ పెడితే చాలు, ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరిచే ప్రకటనలు. ఆ చెవులతో వింటే 78 పర్సంటైల్ అనగానే తమవాడికంటే ముందు ఇరవై రెండుమంది క్యూ కట్టి నిలబడి ఉన్నట్టే వినిపిస్తుంది. మరికొందరు దాన్ని డెబ్బై ఎనిమిది శాతం చేసేసుకుని డిస్టింక్షన్ వచ్చిందని మురిసిపోతారు. వీళ్ళని సరిదిద్దబుద్ధి కాదు. సరిదిద్దుతాను, అది వేరే సంగతి.

ఇక్కడ ఆ వరస లేదు. మాకు దగ్గర్లోని లారెన్స్‌విల్ బడి కానీ, ఉత్తరాన ఉన్న ఆండోవర్, ఎక్సెటర్ కానీ (1778, 1781లలో పెట్టినవి, అమెరికా రాజ్యాంగం కంటే పాతవి) మార్కుల జాబితా పైనుంచి కిందికి చదువుకుంటూ సీట్లు పంచవు. మూడేళ్ళ గ్రేడ్లు, టీచర్ల ఉత్తరాలు, ఇంటర్వ్యూ, వ్యాసాలు, ఆ ఏడాది ఆర్కెస్ట్రాలో వయోలా వాయించేవాడు కావాలా, హాకీలో గోలీ కావాలా, అన్నీ చూస్తారు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి అరవై వేల డాలర్లు దాటే ఫీజు ఎవరు కట్టగలరు, ఎవరికి సాయం కావాలన్న లెక్క కూడా చాలాచోట్ల ఉంటుంది. 2020లో కోవిడ్‌తో పరీక్షా కేంద్రాలు మూతపడినప్పుడు చాలా బడులు ఈ మార్కులు పంపకపోయినా ఫర్వాలేదన్నాయి. కొన్ని ఆ మాట మీదే ఉండిపోయాయి కూడా. ఎంసెట్ దయలేనిదే, కానీ ఎందుకు రాలేదో కాగితం మీద కనిపించేది. ఇక్కడ మార్చి 10న ఉత్తరం వస్తుంది, కారణం రాదు. మావాళ్ళకి మింగుడుపడనిది అదే. అందుకే కనిపించే ఒక్క అంకెనీ పట్టుకుని వేలాడతారని నా అనుమానం.

స్కూళ్ళలో కౌన్సెలర్లు ఏటా ఒకే మాట చెబుతారు, మార్కులు పోల్చుకోవద్దని. నాకది నచ్చదు. పర్సంటైల్ అన్నదే పోలిక. పక్కవాళ్ళు లేకపోతే ఆ అంకె పుట్టనే పుట్టదు. పోలికతో చేసిన వస్తువు చేతికిచ్చి పోల్చుకోవద్దంటే పిల్లలు వింటారా? పోల్చుకోవడమే సరిగ్గా నేర్పాలి. ఎవరితో పోలుస్తున్నారో ముందు అడగమంటాను. ఈ పరీక్ష రాసేవాళ్ళు దేశంలో పిల్లలందరూ కాదు, ప్రైవేటు బడికి వెళ్ళాలనుకుని తయారైనవాళ్ళు. బళ్ళో పెట్టే రాష్ట్ర పరీక్షల్లో తొంభై అయిదు దగ్గర తిరిగే పిల్ల ఇక్కడ డెబ్బైకి దిగితే ఆ పిల్లకి తెలివి తగ్గలేదు, చుట్టూ ఉన్న గుంపు మారింది. ఇంకొకటి, మధ్యలో జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ కొద్ది ప్రశ్నల తేడాకే పర్సంటైల్ బాగా జరిగిపోతుంది. చివరల్లో అంతే తేడాకి పెద్దగా కదలదు. యాభై రెండుకీ అరవైకీ మధ్య ఉన్నది ఆకాశం భూమీ కాదు, వచ్చే వారం మళ్ళీ రాస్తే తారుమారు కావచ్చు.

నిజానికి పిల్లలు పోల్చుకునే తీరే మేలు. వాళ్ళు మొత్తం చెప్పుకుని ఊరుకోరు. ఎన్ని రైటు, ఎన్ని తప్పు, ఎన్ని వదిలేశావు అని విప్పుకుంటూ పోతారు. ఈ పరీక్షలో తప్పు రాస్తే పావు మార్కు పోతుంది, వదిలేస్తే ఏమీ పోదు. అయిదు జవాబుల్లో కళ్ళు మూసుకుని ఒకటి పెడితే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఒక్కటి తప్పని ఖాయంగా తెలిసి కొట్టేశావంటే మిగతా నాలుగింట్లో ఊహించడం లాభం. ఇది నేను బోర్డు మీద రాసి చెప్పినప్పుడు ఆవులించిన పిల్లే, తన స్నేహితురాలు తొమ్మిది ప్రశ్నలు భయపడి వదిలేసిందని వినగానే లెక్కగట్టి చూపించింది, ఎంత పోగొట్టుకుందో. అంతకంటే మంచి పాఠం నేను చెప్పలేదు. ఐఎస్‌ఈఈ అని ఇలాంటిదే ఇంకో పరీక్షుంది, అందులో తప్పుకి కోత లేదు, పర్సంటైల్‌తో పాటు ఒకటి నుంచి తొమ్మిది దాకా స్టెనైన్ అని వేస్తారు. రెండూ రాసిన పిల్లలు ఏడుని ఎనభైతో పోలుస్తూ కాసేపు తన్నుకులాడతారు. దాన్ని అలా వదిలేద్దాం.

పెద్దవాళ్ళ పోలికలో గుట్టు ఎక్కువ. "మీవాడు రాశాడా?" అంటే "ఏదో, ఊరికే, సరదాకి" అంటారు. ఎక్కడెక్కడ అప్లై చేశారో మార్చి దాకా తోడికోడలికి కూడా చెప్పరు. ఒక్క విషయంలో మాత్రం నాన్నలు ఆపుకోలేరు. వెర్బల్‌లో ముప్ఫై పర్యాయపదాలు, ముప్ఫై అనాలజీలు ఉంటాయి. ఇరవై పాతికేళ్ళ కిందట హిమాయత్‌నగర్‌లో జీఆర్‌ఈ కోచింగ్‌కి వెళ్ళి, బ్యారన్స్ పుస్తకంలో మూడున్నర వేల మాటలు బట్టీపట్టి విమానం ఎక్కినవాళ్ళు వీళ్ళు. జీఆర్‌ఈలో అనాలజీలు 2011లో తీసేశారు, ఎస్‌ఏటీలో 2005లోనే పోయాయి. పదమూడేళ్ళ పిల్లల పరీక్షలో మాత్రం ఇంకా బతికున్నాయి. కొడుకు పుస్తకంలో అవి కనిపించగానే ఒకాయన కుర్చీ లాక్కుని అబేట్, అబెరెంట్ నుంచి వరసగా అప్పజెప్పాడు, కోర్టులో లాయరు స్పీడుతో. కొడుకు నోరు తెరుచుకుని చూశాడు. "నాన్నా, నీకెంతొచ్చింది?" అన్నాడు. ఆయన చెప్పలేదు.

ఈ పరీక్షలో ఎవరూ పోల్చుకోని ముక్క ఒకటుంది. పాతిక నిమిషాలు ఒక వ్యాసం రాయాలి. దానికి మార్కులుండవు. ఎవరూ దిద్దరు, ఉన్నదున్నట్టు బడులకి పంపేస్తారు. మార్కులతో పాటు ఇంటికి రాదు, తల్లిదండ్రులు చూడాలంటే వేరే డబ్బు కట్టి తీసుకోవాలి. కోచింగుల్లో దాని మాటెత్తేవాళ్ళు తక్కువ, పిల్లలూ ఒకళ్ళనొకళ్ళు అడగరు. పిల్లవాడు ఇంటివాళ్ళ చెయ్యి పడకుండా రాసేది అదొక్కటే. మిగతా వ్యాసాల్లో అమ్మ సలహా, అన్న సవరణ, డబ్బు పుచ్చుకునే కన్సల్టెంటు మెరుగు ఎంతున్నాయో చదివేవాళ్ళకి తెలియదనుకోకండి. నేనయితే ముందు అదే చదువుతాను.

ఈ మాటే చెప్పి, తొమ్మిది చదివే పిల్లవాడి తండ్రితో ఆ వ్యాసం తెప్పించాను. వాళ్ళ తాతగారికి గుంటూరులో కంటి ఆపరేషన్ అయినప్పుడు రాత్రుళ్ళు ఫోన్లో క్రికెట్ స్కోరు చదివి వినిపించిన సంగతి రాశాడు. రెండుచోట్ల స్పెల్లింగ్ తప్పు, ఒక కొట్టివేత, చివర్లో టైము చాలక వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఆయన రెండుసార్లు చదివాడు. బాగుందన్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, వెనకవైపు కూడా చూసి అడిగాడు:

"మరి దీనికి పర్సంటైల్ ఎక్కడుందక్కా?"