పైనుంచా, కిందనుంచా?

అమెరికాలో మనవాళ్లు కొనుక్కునే ఇళ్లలో పై అంతస్తు నేల, బేస్‌మెంట్ ఉంటే దానిపై నేల కూడా, చాలావరకు చెక్కదే. అడుగున సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున దూలాలు, వాటిమీద ప్లైవుడ్ పలకలు, ఆపైన మెత్తటి ప్యాడ్, కార్పెట్. చలికాలమంతా హీటర్ నడిచేసరికి చెక్క ఎండి కుంచించుకుపోతుంది. పలకకీ దూలానికీ మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. అక్కడ అడుగు పడితే పలక దిగుతుంది, మేకు తన కన్నంలోనే పైకీ కిందికీ రాసుకుంటుంది. నడిచినప్పుడు వినిపించే కిర్రు అందులోంచి పుట్టిందే.

దీన్ని మాన్పడానికి కార్పెట్ కదపకుండా పైనుంచి స్క్రూ దించేవాళ్లున్నారు, నేలకిందికి వెళ్లి సందు పూడ్చేవాళ్లున్నారు. మొదటి పద్ధతికే పేరెక్కువ. దాని పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. ఇందుకు అమ్మే కిట్‌లో స్క్రూ ఒంటిమీద ముందే ఒక గాటు ఉంటుంది. మూడుకాళ్ల స్టాండు దాన్ని సరైన లోతు దగ్గర ఆపుతుంది. ఆ తర్వాత తల పట్టుకుని అటూ ఇటూ ఊపితే పలక ఉపరితలానికి కాస్త దిగువన పుటుక్కున విరుగుతుంది. పీచు సర్దేస్తే జాడ కనపడదు. అయితే ఉంగరాల అల్లిక ఉన్న బెర్బర్ కార్పెట్ మీద జాగ్రత్త: తిరిగే స్క్రూకి ఒక్క పోగు చుట్టుకున్నా వరసంతా ఊడొచ్చే ప్రమాదం ఉంది.

అంతకన్నా పెద్ద లోపం, ఈ పద్ధతిలో కారణం కంటికి కనపడదు. స్క్రూకి తెలిసింది లాగి బిగించడమే. దూలం అక్కడ కాస్త పల్లంగా ఉంటే పలకను బలవంతాన వంచి పట్టుకుంటుంది, ఆ ఒత్తిడి పక్క మేకుల మీద పడుతుంది. దూలాల నడుమ రెండు పలకల అంచులు ఒరుసుకుని చప్పుడొస్తుంటే, అసలు స్క్రూకి పట్టే దొరకదు.

కిందనుంచి చేసే పని మోటుగా కనిపిస్తుంది కానీ, నా ఓటు దానికే. పైన ఒకరు నడుస్తుంటే బేస్‌మెంట్‌లో టార్చి వేసి చూడాలి. ఏ పలక ఎక్కడ దిగుతోందో కళ్లముందే తెలిసిపోతుంది. సన్నటి చెక్క చీలికకు జిగురు రాసి, బిగువు తగిలేదాకా చేత్తోనే నెట్టాలి. సుత్తితో కొడితే పలక లేచి, చప్పుడు పక్కకి జరుగుతుంది. సందు పొడుగ్గా ఉంటే దాని వెంబడే జిగురు నింపాలి. అంచులు ఒరుసుకునేచోట రెండు దూలాల మధ్య అడ్డచెక్క బిగిస్తే రెండు పలకలకూ ఆసరా దొరుకుతుంది. పలక ముప్పాతిక అంగుళం మందమే కావచ్చు, కాబట్టి కిందనుంచి వేసే స్క్రూ పొడుగు కొలిచి చూసుకోవాలి. లేదంటే దాని మొన పాదానికి తగులుతుంది.

ఇదంతా నేలకింద చెక్క బయటికి కనిపించే ఇళ్ల సంగతి. డాలస్ వైపు చాలా ఇళ్లకు బేస్‌మెంట్ ఉండదు, కింది నేల కాంక్రీటు. కిర్రుమనేది మేడమీదే, దానికింద సీలింగు పలకలు మూసేసి ఉంటాయి. ఒక్క చప్పుడు కోసం సీలింగు కొయ్యమని ఎవరికీ చెప్పను. అక్కడ పైనుంచి వేసే స్క్రూయే గతి. కాకపోతే కింద వైర్లు, పైపులు ఎక్కడున్నాయో చూసుకుని, దూలం కచ్చితంగా దొరికాకే వెయ్యాలి.

పాత కార్పెట్ ఎలాగూ మార్చే ఆలోచన ఉంటే మాత్రం కిట్ కొనొద్దు. పాతది తీశాక, కొత్తది పరవకముందు గదంతా నడిచి, కిర్రుమన్న ప్రతిచోటా దూలంలోకి మామూలు స్క్రూలు దించండి. పరిచేవాళ్లు వచ్చే వేళకి ఆ పని అయిపోయి ఉండాలి.