కార్డు బాగానే ఉంది, డ్రైవరే లేదు

పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం నాకు ఏళ్ల నాటి వ్యాపకం. బెజవాడలో ఈ పనికి కొదవ లేదు. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి మొదలైంది. భక్తిరంజనినీ, నాటకాలనూ రేడియో నుంచి టేపు చేసి దాచుకున్న ఇళ్లు ఎన్నో. కూచిపూడి కలాపాలు, తిరునాళ్ల హరికథలు కూడా అలాగే క్యాసెట్లకెక్కాయి. డెల్టా తేమకు ఇప్పుడవి బూజు పడుతున్నాయి. కొన్ని టేపులు ఒక్కసారి తిరిగితే గొప్ప.

అందుకే ముందు వేరే క్యాసెట్ పెట్టి డెక్‌ను సిద్ధం చేస్తాను. అసలు టేపు పెట్టాక, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతాను. మసకగా ఉన్న సకారాలు తేటపడతాయి, తాళాల మోత విడిగా వినిపిస్తుంది. ఆ తేటదనాన్ని అంకెల్లోకి మార్చాల్సింది సౌండ్ కార్డు.

నా కార్డు చెక్కుచెదరలేదు. విండోస్ మారింది, దానికి తగ్గ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం కంపెనీ ఇవ్వలేదు. రికార్డింగ్ మధ్యలో టప్పు టప్పుమని ధ్వని తెగుతోంది. ఒక్కోసారి లైన్-ఇన్ కనిపించదు. కంపెనీకి రాస్తే, ఆ మోడల్‌కు సపోర్ట్ లేదు, కొత్తది కొనుక్కోమన్నారు. మళ్లీ తిరగని టేపులో తెగిపోయిన ఆ మాటను కొత్త కార్డు తెచ్చిపెడుతుందా?

2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ధ్వని వ్యవస్థనే తిరగరాసింది. 64-బిట్ విస్టా డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను రానివ్వలేదు. భద్రత దృష్ట్యా అది సబబే. కానీ కార్డు బతుకు అప్పటినుంచి మరింతగా తయారీదారు దయమీద ఆధారపడింది.

మరో దారి లేకపోలేదు. క్రియేటివ్ సంస్థ 1999లో సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు లినక్స్ డ్రైవర్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. దాన్ని అందుకుని ఎవరెవరో మెరుగుపెట్టారు. ఆ కార్డులోని చిప్‌కు నేటికీ లినక్స్‌లో డ్రైవర్ ఉంది.

ఇప్పుడు కొనేవాళ్లకు నా సలహా ఒకటే. యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే పరికరం తీసుకోండి. కంపెనీ డ్రైవర్ లేకపోయినా అది నడుస్తుంది.

కంపెనీలను అడిగేదీ పెద్ద కోరికేం కాదు. పాత కార్డుకు కొత్త డ్రైవర్ రాయడం గిట్టుబాటు కాకపోవచ్చు. అలాంటప్పుడు చిప్ వివరాలు, కోడ్ బయటపెట్టండి, రాయగలవాళ్లు రాసుకుంటారు. డబ్బులిచ్చి కొన్న వస్తువును, అది బాగున్నంత కాలం వాడుకునే హక్కు మాకుంది.