కెర్నెల్ కాదంటే కారణం ఉంటుంది

నడుస్తున్న లినక్స్‌లోకి మనం రాసిన డ్రైవర్‌ని రీబూట్ లేకుండా ఎక్కించడం నాకు ఇప్పటికీ ముచ్చటైన పనే. 1995లో వచ్చిన 1.2 వెర్షన్ నాటికే ఈ వెసులుబాటు ఉంది. సోర్స్ ఫైలు, పక్కన చిన్న మేక్‌ఫైలు, నడుస్తున్న కెర్నెల్‌కి సరిపడే హెడర్లు ఉంటే చాలు, మేక్ కొట్టిన కాసేపటికి కేఓ ఫైలు, అంటే మాడ్యూల్, చేతికొస్తుంది. ఇన్‌స్‌మాడ్ దాన్నొక్కదాన్నే ఎక్కిస్తుంది. మోడ్‌ప్రోబ్ అయితే డెప్‌మాడ్ రాసిపెట్టిన జాబితా చూసి, ముందు ఎక్కాల్సినవాటినీ వెంటబెట్టుకొస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు బెదిరిపోయేది ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అన్న జవాబు చూసి. ఫైలు పాడైందనుకుంటారు. చాలాసార్లు అది నిక్షేపంలా ఉంటుంది, కాకపోతే వేరే కెర్నెల్ కోసం కట్టిందై ఉంటుంది. డిమెసేజ్ తెరిస్తే సంగతి తెలుస్తుంది. ప్రతి మాడ్యూల్‌లోనూ వెర్‌మ్యాజిక్ అనే చిన్న వరుస ఉంటుంది: ఏ వెర్షన్‌కి కట్టారో, ఎస్‌ఎంపీ (ఒకటికి మించిన ప్రాసెసర్లను వాడే వీలు) ఉందో లేదో, ప్రీఎంప్ట్ సంగతేమిటో. కెర్నెల్ దాన్ని తన వరుసతో పోల్చి, తేడా ఉంటే లోపలికి రానివ్వదు.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే స్పిన్‌లాక్‌ని చూడండి. ఒకే ప్రాసెసర్ కోసం, డీబగ్ ఆప్షన్లు లేకుండా కట్టిన కెర్నెల్‌లో దానికి ఒక్క బైటు చోటు కూడా అక్కర్లేదు. ఎస్‌ఎంపీ కెర్నెల్‌లో మామూలుగా 4 బైట్లు. స్ట్రక్చర్ మధ్యలో ఆ లాక్ ఉంటే, దాని తర్వాతి ఫీల్డుల చోట్లు మారిపోవచ్చు. మాడ్యూల్ ఒకచోట ఉందనుకుని రాసిన విలువ ఇంకోచోట పడుతుంది. మామూలు ప్రోగ్రామ్ అయితే అదొక్కటే కూలుతుంది. మాడ్యూల్‌కీ కెర్నెల్‌కీ మధ్య గోడ లేదు. ఎక్కడో సంబంధం లేని ఫైల్లో డేటా చెడిపోవచ్చు, అదీ ఏ గంట తర్వాతో.

అందుకే ‘ఫోర్స్ పెట్టి ఎక్కించెయ్’ అనే సలహా వింటే నాకు కోపం వస్తుంది. ఆ ఆప్షన్ తేడాను సరిచేయదు, తనిఖీని తీసేస్తుందంతే. పైగా కెర్నెల్‌కి టెయింట్ ముద్ర పడుతుంది, ఆ తర్వాత మనం పంపే బగ్ రిపోర్టును డెవలపర్లు పట్టించుకోకపోవచ్చు. సరైన దారి మళ్లీ కట్టడమే. కెర్నెల్ మారిన ప్రతిసారీ ఆ పని తనంతట తానే చేసిపెట్టే డీకేఎంఎస్ ఉంది, డెల్‌లో పుట్టింది. అప్‌డేట్ కాగానే వైఫై పోయిందని నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది దాన్ని పెట్టుకోనివాళ్లే.

డీకేఎంఎస్ కట్టగలదు గానీ కోడ్ దిద్దలేదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారవని లినక్స్ ఎవరికీ మాట ఇవ్వలేదు. ఒక ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్ పెరిగితే, ప్రధాన సోర్స్‌లో దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ ఆ మార్పు చేసినవాళ్లే సరిచేస్తారు. బయట ఉన్న మన డ్రైవర్ సంగతి వాళ్లకు తెలియను కూడా తెలియదు. పదిమందికి పనికొచ్చే డ్రైవర్ రాసినవాళ్లకు నా మనవి: దాన్ని ప్రధాన సోర్స్‌కి పంపండి. రివ్యూకి నెలలు పట్టినా సరే, పంపండి.